జపాన్ నుంచి దిగుమతైన కారు స్టీరియోకి ఆక్స్ ఇన్‌పుట్ అమర్చుకోవడం

జపాన్ దేశీయ మార్కెట్ కోసం తయారై, అక్కడ కొన్నేళ్లు తిరిగి, ఆ తరువాత ఓడెక్కి మరో దేశానికి చేరిన కారును కొన్నవారికి ఇంజన్‌తో గాని గేర్‌బాక్సుతో గాని రాని చిక్కు చాలాసార్లు స్టీరియోతో వస్తుంది. బటన్ల మీది అక్షరాలు సగం అర్థం కావు. మినీడిస్క్ అనే పాతకాలపు చిన్న పాటల డిస్క్ పెట్టే సందు ఉంటుంది గాని అందులో పెట్టడానికి మినీడిస్క్ దొరకదు. రేడియో 90 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయి మళ్లీ 76 నుంచి మొదలవుతుంది. జపాన్‌లో ఎఫ్‌ఎం ప్రసారాలకు చిరకాలంగా 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు, 2014 నుంచి దాన్ని 95 వరకు పొడిగించి వాడుతున్నారు. మిగతా ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఆ బ్యాండు 87.5 నుంచి 108 వరకు ఉంటుంది. అందువల్ల పాత యూనిట్లలో స్థానిక స్టేషన్లు ఒకటో రెండో తప్ప వినిపించవు, కొన్ని ఊళ్లలో అవి కూడా ఉండవు.

యూనిట్‌ను పీకేసి కొత్తది పెట్టుకోవచ్చు కదా అనే మాట నిజమే. అయితే స్టీరింగ్ మీది బటన్లు, వెనుక కెమెరా, కొన్ని మోడళ్లలో ఏసీ డిస్‌ప్లే కూడా పాత యూనిట్‌తోనే ముడిపడి ఉంటాయి. పైగా టయోటా కార్లలో చాలా వాటికి స్టీరియో గూడు 180 మిల్లీమీటర్లకు బదులు 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, మామూలు రెండు డిన్ (కారు స్టీరియోల ప్రామాణిక కొలత) యూనిట్ పెడితే రెండు పక్కలా సందులు మిగులుతాయి. కంపెనీ స్టీరియోను ఉన్నచోటే ఉంచి ఫోన్ పాటలు అందులో వినడమే మీ ఉద్దేశమైతే, ఆక్స్ ఇన్‌పుట్, అంటే బయటి పరికరం శబ్దాన్ని తీగతో లోపలికి తీసుకునే దారి, అమర్చుకునే ఈ పద్ధతి మీకోసమే.

ఈ పనిలో ఒక్క విషయం ముందుగా మనసుకు ఎక్కించుకోవాలి. స్టీరియోలోకి శబ్దాన్ని పంపడం తేలిక, రెండు తీగలూ ఒక గ్రౌండూ (నెగటివ్‌కి కలిసే తీగ) చాలు. కష్టమంతా ఆ శబ్దాన్ని స్టీరియో ఎంచుకునేలా చేయడంలో ఉంది. రేడియో, సీడీ, టేపు వీటిలో ఏదో ఒకటి నడుస్తున్నదని యూనిట్ నమ్మితే తప్ప లోపలి స్విచ్ ఆ దారిని తెరవదు. కింద చెప్పిన ప్రతి పద్ధతీ యూనిట్‌ను ఆ విధంగా నమ్మించే ఉపాయమే.

విప్పే ముందు చూడవలసినవి

స్క్రూడ్రైవర్ పట్టే ముందు, మీ యూనిట్‌కి బయటి ఇన్‌పుట్ ఇప్పటికే ఉందేమో వెతకండి. నావిగేషన్ తెర ఉన్న జపాన్ యూనిట్లలో అది ఉండే అవకాశం మంచిగానే ఉంటుంది, కాకపోతే దాని పేరు ఆక్స్ అని ఉండదు, వీటీఆర్ (వీడియో టేప్ రికార్డర్) అని ఉంటుంది. కారులో వీడియో ప్లేయరు పెట్టుకుని పిల్లలకు బొమ్మలు చూపించే అలవాటు అక్కడ ఉండేది, ఆ కాలపు పేరు అలాగే నిలిచిపోయింది. మెనూ జపనీస్‌లో ఉంటే 'గైబు న్యూర్యోకు' అనే మాట కోసం ఫోన్ కెమెరా అనువాదంతో తెరను చదివించండి, ఆ మాటకు బయటి ఇన్‌పుట్ అని అర్థం. గ్లవ్ బాక్సులోనో ఆర్మ్‌రెస్ట్ కింది అరలోనో పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు కనిపిస్తే తెలుపు ఎడమ చానల్, ఎరుపు కుడి చానల్, పసుపు వీడియో. మనకు తెలుపు, ఎరుపు చాలు. కారు కదిలినప్పుడు బొమ్మ ఆగిపోయినా శబ్దం మామూలుగా కొనసాగుతుంది. బయట సాకెట్ లేకపోయినా యూనిట్ వెనుక వీటీఆర్ పిన్నులు ఖాళీగా ఉండి, వాటికి సరిపోయే తీగల గుత్తి ఒక్కటే కొనవలసి ఉండవచ్చు.

తరువాత యూనిట్ మీది అంటింపు కాగితం మీద పార్ట్ నంబరు చూడాలి. టయోటాలో ఫ్యాక్టరీలోనే బిగించిన రేడియోల నంబరు 86120తో మొదలవుతుంది, డీలరు దగ్గర బిగించిన ఐచ్ఛిక యూనిట్ల నంబరు 08తో మొదలవుతుంది. బయటికి ఒకే బ్రాండు పేరు కనిపించినా ఈ రెండు రకాల లోపలి అమరిక వేరు. మొదటి రకానికి తయారైన అడాప్టర్ రెండో రకానికి పనిచేస్తుందని అనుకోవద్దు. 'నా కారు ఫలానా మోడల్' అని చెప్పి అడాప్టర్ కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అడగవలసినది కారు మోడల్ గురించి కాదు, యూనిట్ నంబరు గురించి.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది సెక్యూరిటీ కోడ్. జపాన్ నావిగేషన్ యూనిట్లలో కొన్ని, హోండా రేడియోల్లో చాలా, కరెంటు ఒకసారి పోతే మళ్లీ కోడ్ అడుగుతాయి. డీవీడీతో నడిచే పాత టయోటా నావిగేషన్‌లో కొన్ని తమ మ్యాప్ డిస్క్ పెట్టేదాకా మేలుకోవు, ఆ డిస్క్ దిగుమతి దారిలో ఎక్కడో పోయి ఉంటుంది. బ్యాటరీ తీయకుండా జాగ్రత్తపడితే చాలదా అని కొందరు అనుకుంటారు, చాలదు. యూనిట్ వెనుక కనెక్టర్ లాగిన క్షణంలోనే దాని జ్ఞాపకానికి అందే కరెంటు పోతుంది, యూనిట్‌కి సంబంధించినంతవరకు అది బ్యాటరీ తీసినట్టే. కోడ్ చేతిలో లేకపోతే, మ్యాప్ డిస్క్ లేదా కార్డ్ యూనిట్‌లోనే ఉందని తేలకపోతే, దాన్ని విప్పకండి. అలాంటి యూనిట్లకు కింద చెప్పిన క్యాసెట్ అడాప్టర్ లేదా ఫోన్ పాటను గాలిలో ప్రసారం చేసి కారు రేడియోలో వినిపించే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ మాత్రమే క్షేమం.

బయటి నుంచి చేసే పద్ధతులు

టేపు ప్లేయరు ఉంటే క్యాసెట్ ఆకారపు అడాప్టర్ కొని లోపల పెట్టడమే పని. దాని తలకాయ అయస్కాంతంగా ప్లేయరు తలకాయకు పాట అందిస్తుంది. శబ్దంలో కాస్త బుస ఉంటుంది, అంతకు మించిన లోపం లేదు.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ విషయంలో జపాన్ కారుకు ప్రత్యేకమైన మెలిక ఉంది. మార్కెట్లో దొరికే ట్రాన్స్‌మిటర్లు 87.5 నుంచి పైకి పంపుతాయి, 76–90 రేడియో 90కి పైన వినదు, కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది 87.5 నుంచి 90 వరకు ఉన్న చిన్న జాగా ఒక్కటే. ఆ జాగాలో స్థానిక స్టేషన్ లేని చోటు వెతకాలి. ఇదివరకటి యజమాని బ్యాండ్ ఎక్స్‌పాండర్ పెట్టించి ఉంటే లెక్క మారుతుంది. యాంటెన్నా తీగకు, రేడియోకు మధ్య కూర్చునే ఆ చిన్న పెట్టె, వచ్చిన ఫ్రీక్వెన్సీ నుంచి ఒక నిర్ణీత సంఖ్యను తగ్గించి లోపలికి పంపుతుంది. అది 16 మెగాహెర్ట్జ్ తగ్గించే రకమైతే ట్రాన్స్‌మిటర్‌ను 98.3 వద్ద పెట్టి, రేడియోలో 82.3 చూడాలి. ట్రాన్స్‌మిటర్, రేడియో రెండింట్లోనూ 88.1 పెట్టి 'ఏమీ రావడం లేదు' అని తల పట్టుకునేవారికి కారణం తరచు ఇదే. అదే పనిని యాంటెన్నా తీగలోనే నేరుగా కలిసి చేసే మాడ్యులేటర్, గాలిలో ప్రసారం చేసేదానికంటే స్థిరంగా ఉంటుంది. దాన్ని ఎక్స్‌పాండర్‌కి, రేడియోకి మధ్య పెడితే ఫ్రీక్వెన్సీ మార్పు దాన్ని తాకదు, అప్పుడు రెండు చోట్లా ఒకే సంఖ్య పెట్టాలి. ఏది ఎలా పెట్టినా ఎఫ్‌ఎం దారిలో 15 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం రాదు. మాటలు, వార్తలు వినేవారికి ఇది చాలు గాని పాటలకు నేను దీన్ని చివరి దారిగానే చూస్తాను.

సీడీ చేంజర్ (అనేక డిస్కులు పట్టే విడి పెట్టె) పోర్టు ఉన్న ఫ్యాక్టరీ యూనిట్లకు చేంజర్ అడాప్టర్ మంచి మార్గం. టయోటాలో చేంజరూ యూనిటూ ఏవీసీ-ల్యాన్ అనే రెండు తీగల లైను మీద మాట్లాడుకుంటాయి. అడాప్టర్ చేంజర్‌లా నటిస్తూ 'నేనిక్కడే ఉన్నాను, డిస్క్ తిరుగుతున్నది' అని జవాబులు పంపుతూ ఉంటుంది, యూనిట్ నమ్మి ఆడియో పిన్నులను తెరుస్తుంది. ఆ సంభాషణ లేకుండా, ఆడియో పిన్నులకు మాత్రమే తీగలు కలిపితే ఏమీ వినిపించదు. యూనిట్ నంబరుకు సరిపోయే అడాప్టర్ దొరికిందా, ఇక ఆలోచించకుండా అదే కొనండి, మిగతా వ్యాసంతో మీకు పని లేదు.

లోపలి నుంచి చేసే పద్ధతి

అడాప్టర్ దొరకని యూనిట్ చాలా ఉంటుంది, అప్పుడు పెట్టె విప్పవలసిందే. సన్నని మొనగల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, లోపల స్విచ్ ఉన్న 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్, చుట్టూ లోహపు అల్లిక కవచం ఉన్న ఒక మీటరు ఆడియో తీగ, కొన్ని కెపాసిటర్లు కావాలి. జాక్ కొనేటప్పుడు దాని వెనుక ఐదు కాళ్లున్నాయో లేదో లెక్కపెట్టి తీసుకోండి. గ్రౌండ్‌కి ఒకటి, ఎడమ కుడి చానళ్లకు చెరొకటి, మిగతా రెండూ ప్లగ్ గుచ్చనప్పుడు ఆ చానళ్లను తాకి ఉండి, గుచ్చగానే విడిపోయే స్విచ్ కాళ్లు. మూడు కాళ్ల జాక్‌తో ఈ పని కాదు.

కారు తాళంచెవి తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ లివర్ చుట్టూ మందపాటి గుడ్డ కప్పాలి. స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము చాలా మోడళ్లలో క్లిప్పుల మీదే నిలబడుతుంది, దాన్ని ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి మెల్లగా లాగాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే గీత శాశ్వతంగా మిగిలిపోతుంది. దాని వెనుక బోల్టులు, తరచుగా 10 మిల్లీమీటర్ల తలవి, నాలుగు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ తీగల గుత్తులకు పసుపు తొడుగు లేదా పసుపు కనెక్టర్ ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. వాటిని కదపక తప్పని మోడల్ అయితే బ్యాటరీ నెగటివ్ తీసి 90 సెకన్లకు తక్కువ కాకుండా ఆగాలి.

యూనిట్‌ను బల్ల మీదికి తెచ్చి పరీక్షించాలంటే 12 వోల్టుల సరఫరా, ఒక స్పీకరు చాలు. టయోటా పది పిన్నుల కనెక్టర్‌లో మామూలుగా నీలం-పసుపు తీగ ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, బూడిద రంగుది తాళంచెవితో వచ్చే 12 వోల్టులు, గోధుమ రంగుది గ్రౌండ్. రంగులు మోడల్‌ను బట్టి మారవచ్చు కాబట్టి యూనిట్ కారులో ఉండగానే మీటరుతో ఒకసారి చూసి రాసుకోవడం మంచిది. స్పీకర్ నెగటివ్ తీగను మాత్రం గ్రౌండ్‌తో ఎన్నడూ కలపకండి. ఈ యూనిట్లలో స్పీకరుకు పోయే రెండు తీగల్లోనూ శబ్దం ఉంటుంది, ఏది గ్రౌండ్‌కి తగిలినా యాంప్లిఫయర్ చిప్ దెబ్బతినవచ్చు.

ఇప్పుడు రేడియో, సీడీ, టేపు అనే సోర్సుల్లో దేన్ని ఫోన్‌కు అప్పగించాలో తేల్చుకోవాలి. చాలామంది సీడీని ఎంచుకుని నిశ్శబ్దం రికార్డు చేసిన డిస్క్ పెడతారు. నేనూ మొదట అదే చేశాను. జాక్ అంతా సరిగ్గా అమర్చి, మౌనమైన సీడీ వేసి, ఫోన్‌లో పాట పెడితే ఒక్క క్షణం వినిపించి ఆగిపోయింది. సోల్డరింగ్ మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఒక రోజు పోగొట్టుకున్నాక అర్థమైంది ఏమిటంటే, సీడీ విభాగంలోని చిప్ వరుసగా సున్నాలు వస్తున్నట్టు గమనించి యూనిట్ మొత్తాన్ని మ్యూట్ చేస్తున్నది. నిశ్శబ్దానికి బదులు చెవికి అందనంత చిన్న హోరును రికార్డు చేసిన డిస్క్ వేయగానే అది సరిపోయింది. టేపును ఎంచుకునేవారు ఖాళీ టేపు వేయవచ్చు, ఆటో రివర్స్ ఉంటుంది కాబట్టి అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది కూడా.

ఈ అనుభవాల తరువాత నేను ఎంచుకునేది రేడియోనే. అందులో తిరిగే భాగం లేదు, డిస్క్ అక్కరలేదు, ఎటూ దిగుమతైన కారులో అది పెద్దగా పనికి రావడం లేదు. జపాన్ యూనిట్లలో మరో సౌకర్యం కూడా ఉంది. అక్కడి ఎక్స్‌ప్రెస్ రహదారుల మీద ట్రాఫిక్ సమాచారం ఏఎం బ్యాండులో 1620 కిలోహెర్ట్జ్ వద్ద వస్తుంది, దానికోసం చాలా యూనిట్లలో టీఐ అనే గుర్తుతోనో జపనీస్ అక్షరాలతోనో ప్రత్యేకంగా ఒక బటన్ ఉంటుంది. జపాన్ దాటాక ఆ బటన్‌కు పని లేదు. రేడియో తీగలను జాక్ గుండా మళ్లిస్తే, ఆ బటనే మీ ఆక్స్ బటన్ అవుతుంది.

పై మూత విప్పితే బోర్డు మీద రేకుతో కప్పిన నిలువు డబ్బా ఒకటి యాంటెన్నా సాకెట్‌కి దగ్గరగా కనిపిస్తుంది, అది స్టేషన్లను పట్టే ట్యూనర్. దాని అడుగున వరుసగా కాళ్లు ఉంటాయి, వాటి పక్కన బోర్డు మీద తెల్ల సిరాతో ఎడమ, కుడి ఔట్‌పుట్ గుర్తులు అచ్చై ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే వెతకాలి. కంప్యూటర్ స్పీకరు వంటి చిన్న యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపి, దాని రెండో కాలును సూది మొనలా వాడండి. ఆ యాంప్లిఫయర్ గ్రౌండ్‌ను యూనిట్ రేకుకు తగిలించి, ఏదైనా స్టేషన్ పట్టి, కాళ్లను ఒక్కొక్కటిగా తాకుతూ పోతే రెండు చోట్ల శుభ్రంగా పాట వినిపిస్తుంది. అప్పుడు యూనిట్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. సూది దగ్గర పాట అదే స్థాయిలో ఉంటే అది వాల్యూమ్‌కు ముందరి చోటు, మనకు కావలసినది అదే. వాల్యూమ్‌తో పాటు తగ్గితే మీరు దాటి వచ్చేశారు, వెనక్కి వెళ్లాలి.

ట్యూనర్ ఔట్‌పుట్‌కు, శబ్దాన్ని ఎంచుకునే ప్రాసెసర్ చిప్‌కు మధ్య ఒక్కో చానల్‌కు ఒక కెపాసిటర్ ఉంటుంది. ఆ చిప్ 8, 9 వోల్టులతో నడుస్తూ తన ఇన్‌పుట్ కాళ్లను అందులో సగం, అంటే సుమారు 4 వోల్టుల దగ్గర నిలిపి ఉంచుతుంది, ఆ వోల్టేజీ బయటికి పోకుండా ఆపేది ఈ కెపాసిటరే. అందుకని దానికి చిప్ వైపున తీగ కలిపితే ఆ 4 వోల్టులు నేరుగా మీ ఫోన్‌లోకి వెళ్తాయి, కలపవలసినది ట్యూనర్ వైపున మాత్రమే. బోర్డు మీది గీతను కత్తితో తెంచడానికి బదులు, కెపాసిటర్ ట్యూనర్ వైపు కాలును వేడి చేసి రంధ్రం నుంచి పైకి లేపండి. లేచిన కాలును జాక్ చానల్ కాలుకు, ఖాళీ అయిన రంధ్రాన్ని అదే చానల్ స్విచ్ కాలుకు కలపాలి. ప్లగ్ లేనప్పుడు రేడియో శబ్దం స్విచ్ గుండా మునుపటిలాగే పోతుంది, ప్లగ్ గుచ్చగానే రేడియో తెగి ఫోన్ కలుస్తుంది. ఎప్పుడైనా వద్దనుకుంటే ఆ కాలును తిరిగి రంధ్రంలో పెట్టి సోల్డర్ చేస్తే యూనిట్ యథాస్థితికి వస్తుంది.

ఇక్కడ తరచు కంట పడనిది ఒకటి ఉంది. ఆ కెపాసిటర్ ఎలక్ట్రోలైటిక్ రకమై, దాని ప్లస్ కాలు ట్యూనర్ వైపు ఉంటే, ఫోన్ కలిపినప్పుడు ప్లస్ వైపు సున్నా వోల్టులు, మైనస్ వైపు 4 వోల్టులు పడి అది తలకిందులవుతుంది. అలాంటి చోట దాన్ని తీసి పోలారిటీ లేని కెపాసిటర్ పెట్టాలి. విలువ విషయంలో పిసినారితనం పనికిరాదు. చిప్ ఇన్‌పుట్ 10 కిలోఓములు అనుకుంటే 0.1 మైక్రోఫారడ్‌తో 159 హెర్ట్జ్ కిందనే శబ్దం బలహీనపడి డోలు దెబ్బ చప్పబడుతుంది, 1 మైక్రోఫారడ్‌తో ఆ హద్దు 16 హెర్ట్జ్‌కు దిగుతుంది, 2.2 పెడితే ఇక ఆలోచించనక్కరలేదు.

ఫోన్ ఔట్‌పుట్ ట్యూనర్ ఇచ్చేదానికంటే పెద్దది కావచ్చు. శబ్దం బొంగురుగా పగులుతూ ఉంటే ఫోన్ వాల్యూమ్ మూడొంతులకు తగ్గించి చూడండి. అప్పటికీ పగిలితే ఒక్కో చానల్‌లో 10 కిలోఓముల రెసిస్టర్లు రెండేసి, ఒకటి తీగ దారిలోనూ మరొకటి గ్రౌండ్‌కూ, పెట్టి స్థాయిని తగ్గించవచ్చు.

హోరు, కీచుధ్వని

అన్నీ సరిగ్గా కలిపినా, ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని కీచుధ్వని చాలామందికి మొదటి రోజే వినిపిస్తుంది. ఫోన్‌ను అదే సమయంలో కారు సాకెట్ నుంచి ఛార్జ్ చేస్తున్నారా అని చూడండి. ఛార్జర్ తీయగానే కీచు ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. ఆల్టర్నేటర్ కరెంటు కారు శరీరం గుండా పోతూ రెండు గ్రౌండ్‌ల మధ్య చిన్న తేడా పుట్టిస్తుంది, ఆడియో తీగ కవచం ఆ తేడాను మోసుకొచ్చి పాటలో కలుపుతుంది. జాక్ తీగ మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే ఇది పోతుంది. బ్లూటూత్ రిసీవర్‌ను లోపలే దాచి, 5 వోల్టులు యూనిట్ నుంచే ఇవ్వాలనుకునేవారికీ ఇదే చిక్కు వస్తుంది, అక్కడ రెండు వైపుల గ్రౌండ్‌లను విడదీసే బీ0505ఎస్ వంటి ఐసోలేటెడ్ కన్వర్టర్ పనికొస్తుంది.

కవచాన్ని ఒక్క చోటే, ట్యూనర్ ఔట్‌పుట్‌కు దగ్గరగా ఉన్న ఆడియో గ్రౌండ్ బిందువుకే కలపాలి. జాక్‌ను లోహపు పలక మీద బిగిస్తే దాని మెడ కారు శరీరాన్ని తాకి రెండో గ్రౌండ్ తయారవుతుంది, అందుకే ప్లాస్టిక్ మెడ ఉన్న జాక్ తీసుకోవడం లేదా ప్లాస్టిక్ ప్యానెల్‌కే బిగించడం మంచిది. ఫోన్ లేకుండా తీగను మాత్రం జాక్‌లో వదిలేస్తే, తెరిచి ఉన్న కొన హోరును పట్టి లోపలికి పంపుతుంది. అది లోపం కాదు, తీగ తీసేస్తే పోతుంది.

మూత బిగించే ముందు, కొత్త తీగ సీడీ లేదా టేపు యంత్రం కదిలే దారికి అడ్డం పడలేదని ఒక డిస్క్ వేసి తీసి చూసుకోండి, తీగ బయటికి వచ్చే చోట రేకు అంచు కోయకుండా రబ్బరు తొడుగు పెట్టండి. ఆ తరువాత ఏ కెపాసిటర్ కాలును లేపారో, ఏ రంగు తీగ ఏ చానల్‌కు పోయిందో ఒక చిన్న కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. రేపు ఈ కారును కొనేవారు మీ జాక్ వద్దనుకుని యూనిట్ విప్పినప్పుడు వారికి దొరికే వివరం అదొక్కటే.